మన బడి గురించి తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖ వన్‌టౌన్‌లో ఫిషింగ్ హార్బరుకీ పాత మార్కెట్‌కీ దగ్గరగా ఉన్న మున్సిపల్ ప్రాథమిక పాఠశాల మాది. ఒకటి నుంచి ఐదు వరకు తరగతులు. వేటకెళ్లేవాళ్ల పిల్లలు, పోర్టు పనివాళ్ల పిల్లలు, శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్ల పిల్లలు, ఒడిశా, బిహార్ మేస్త్రీల పిల్లలు, ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు, పాడేరు వైపు నుంచి దిగి వచ్చిన గిరిజన కుటుంబాల పిల్లలు ఇక్కడ ఒకే గదిలో కూర్చుంటారు. గేటు దగ్గరా ఫోన్లోనూ మీరు మళ్లీ మళ్లీ అడిగేవాటికి ప్రధానోపాధ్యాయురాలిగా నేను, మా టీచర్లు కలిసి రాసిన జవాబులు ఇవి. చదవడం రానివాళ్లు ఇంట్లో పిల్లల చేత చదివించుకోండి. వాళ్లకీ అభ్యాసం అవుతుంది.

పిల్లని చేర్చాలంటే ఏమేం తేవాలి?

ముందు పిల్లని తీసుకురండి. జనన ధ్రువపత్రం, ఆధార్, ఇంతకుముందు వేరే బడిలో చదివితే అక్కడి టీసీ ఉంటే తేండి. లేకపోయినా రండి. వయసు రుజువు లేదన్న కారణంతో ఏ బడీ పిల్లల్ని తిప్పి పంపకూడదని 2009 విద్యాహక్కు చట్టం చెబుతోంది. టీసీ రావడం ఆలస్యమైతే చేర్చుకోవడం ఆపకూడదని కూడా అందులోనే ఉంది. ఆధార్ లేదని బడిలో ప్రవేశం నిరాకరించకూడదని 2018లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పథకాల డబ్బు పడటానికి ఆధార్ అడుగుతారు, అది వేరే సంగతి. పిల్ల తరగతిలో కూర్చున్నాక ఆ కాగితాలు ఎలా చేయించుకోవాలో వార్డు సచివాలయంలో కనుక్కుందాం.

పిల్లకి పరీక్ష పెట్టం, మిమ్మల్ని ఇంటర్వ్యూ చెయ్యం. అవి రెండూ చట్టం ఒప్పుకోని పనులు.

ఫీజు ఎంత?

ఏమీ లేదు. ఎవరైనా ఏదో పేరు చెప్పి డబ్బు అడిగితే ఇవ్వకండి, నాకు చెప్పండి.

పుస్తకాలు, యూనిఫాం?

ప్రభుత్వం ఇచ్చే సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర కిట్‌లో పుస్తకాలు, నోట్సులు, బ్యాగు, బూట్లు, సాక్సులు, బెల్టు, మూడు జతల యూనిఫాం గుడ్డ వస్తాయి. మధ్యలో చేరిన పిల్లలకి కిట్ రావడం ఆలస్యం కావచ్చు. అందాకా ఉన్న బట్టల్లోనే పంపండి. యూనిఫాం లేదని మా దగ్గర ఎవరూ బయట నిలబడరు.

మా ఇంట్లో తెలుగు మాట్లాడం. మా వాడు ఇక్కడ నెగ్గుకొస్తాడా?

ఇది ఒడియా, హిందీ, ఉర్దూ మాట్లాడే తల్లులు ఎక్కువగా అడిగే ప్రశ్న. నెగ్గుకొస్తాడు, అయితే మొదటి కొన్ని నెలలు నోరు విప్పకపోవచ్చు. మాట్లాడటం లేదంటే ఏమీ ఎక్కడం లేదని కాదు. వింటుంటాడు. మైదానంలో ముందు తెలుగు తిట్లు వస్తాయి, తర్వాత ఆటల మాటలు, ఆ తర్వాతే పాఠం మాటలు. ఏళ్లుగా మేము చూస్తున్న వరస ఇదే, కాబట్టి మొదటిదానికి కంగారు పడకండి.

మేం చేసేది ఇది. కొత్తగా వచ్చిన పిల్లాడి పక్కన వాడి భాష కాస్త తెలిసిన పిల్లని కూర్చోబెడతాం. మొదటి రోజుల్లో జవాబు వాడి భాషలో చెప్పినా తీసుకుంటాం. రెండో మూడో తరగతి పిల్లలే మాకు దుబాసీలు. నీళ్లు, బాత్రూం, కడుపునొప్పి, అమ్మ అనే నాలుగు మాటలైనా పిల్లాడి భాషలో మా టీచర్లు నేర్చుకుంటారు. అవసరానికి వెళ్లాలని అడగడం తెలియక బట్టలు తడుపుకున్న పిల్ల మర్నాడు బడికి రానంటుంది.

మీరు చెయ్యవలసింది ఒకటే. ఇంట్లో మీ భాష మానకండి. ‘తెలుగు రావాలని ఇంట్లో కూడా వచ్చీరాని తెలుగే మాట్లాడుతున్నాం మేడమ్’ అని ఒకమ్మ గర్వంగా చెప్పారు. వద్దమ్మా, మీ భాషలో కథలు చెప్పండి, లెక్కలు చెప్పండి. ఒక భాషలో అర్థమైన సంగతిని రెండో భాషలోకి తెచ్చుకోవడం పిల్లలకి కష్టం కాదు. అసలు అర్థం కాకపోవడమే కష్టం. మన ఉత్తరాంధ్రకి ఇది కొత్తగా ఎవరో వచ్చి చెప్పక్కర్లేదు. గిడుగు రామమూర్తిగారు సవర భాష నేర్చుకుని, సవర పిల్లల కోసం ఆ భాషలోనే వాచకాలు రాసి, బడులు పెట్టించారు. ఏజెన్సీ బడుల్లో కువి, ఆదివాసీ ఒడియా లాంటి భాషల్లో మొదటి తరగతుల పుస్తకాలు వచ్చింది కూడా ఆ ఆలోచనతోనే. మా బడిలో అన్ని భాషల పుస్తకాలూ లేవు. పిల్లల నోటి కథల్ని తెలుగు లిపిలో రాసి గోడకి అంటించడం మాత్రం చేస్తున్నాం.

మా పాప యాస చూసి పిల్లలు నవ్వుతున్నారట. టీచర్లు ఏం చేస్తున్నారు?

ఈ బడిలో మేం అన్నిటికంటే గట్టిగా పట్టుకున్న నియమం ఇదే. తరగతిలో ఒకరు చదువుతున్నప్పుడు, మాట్లాడుతున్నప్పుడు మిగతావాళ్లు నవ్వకూడదు. వినడానికి చిన్న సంగతిలా ఉంటుంది. ‘ఏటి’ అన్నందుకో, ‘సేప’ అన్నందుకో ఒకసారి నవ్వులపాలైన పిల్ల ఆ వారమంతా చెయ్యి ఎత్తదు. చెయ్యి ఎత్తని పిల్ల పైకి చదవదు. పైకి చదవకపోతే ఎక్కడ తడబడుతోందో టీచరుకి తెలియదు. తెలియకుండానే పై తరగతికి వెళ్లిపోతుంది. ఐదో తరగతిలో అక్షరాలు కూడబలుక్కునే పిల్లల్ని కూర్చోబెట్టి కనుక్కుంటే, చాలామంది విషయంలో మొదలు ఇక్కడే ఉంటుంది. అందుకే నవ్వకపోవడం అనే విలువ, చదువు అనే లక్ష్యం మాకు రెండు వేర్వేరు కాగితాల మీద ఉండవు.

నవ్విన పిల్లని నిలబెట్టి తిట్టం. మళ్లీ అక్కడ ఇంకొకరు సిగ్గుపడాలి కదా. చదువుతున్న పిల్లకి ముందు పూర్తి చెయ్యమని చెప్తాం. తర్వాత నవ్వినవాళ్లతో విడిగా మాట్లాడతాం. టీచర్లకీ ఒక కట్టుబాటు ఉంది. పిల్ల మాటని ఎత్తి చూపి సరిదిద్దకూడదు. ‘సేపలు తెచ్చినారు మేడమ్’ అంటే ‘ఓహో, చేపలు తెచ్చారా, ఏం చేపలు?’ అని సంభాషణ సాగించాలి. రాతలో ప్రామాణిక రూపం ఎలాగూ నేర్పుతాం. ఇంటి మాట తప్పని మాత్రం చెప్పం. ఆగస్టు 29న గిడుగువారి పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుని, మర్నాడే శ్రీకాకుళం పిల్లని వెక్కిరిస్తే ఏం బాగుంటుంది చెప్పండి.

ఇది ఇంగ్లిష్ మీడియమా, తెలుగు మీడియమా?

పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో తెలుగు ఉంటాయి. పాఠం చెప్పేటప్పుడు పిల్లలకి అర్థమయ్యే భాషలో మొదలుపెట్టి ఇంగ్లిష్ మాటలకి వస్తాం. వీలైనంత వరకు బోధన పిల్లల మాతృభాషలో ఉండాలని విద్యాహక్కు చట్టంలోని 29వ సెక్షను అంటుంది. ఇంగ్లిష్ కావాలని మీరు అడగడంలో తప్పు లేదు, నా పిల్లల విషయంలో నేనూ అడిగాను. అయితే ఒకటో తరగతి పిల్లాడు ‘మై నేమ్ ఈజ్’ అని గడగడా అప్పజెప్పడాన్ని చదువు రావడంగా లెక్కపెట్టం.

ఈ ఏడాది బడి అసలు లక్ష్యం ఏమిటి?

మూడో తరగతి దాటే ప్రతి బిడ్డా ముందెప్పుడూ చూడని చిన్న కథని తెలుగులో చదివి, అందులో ఏం జరిగిందో సొంత మాటల్లో చెప్పాలి. మిగతావన్నీ దీని తర్వాతే.

దేశమంతటికీ ఉన్న లక్ష్యం కూడా దాదాపు ఇదే. 2021 జులైలో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం 2026-27 నాటికి మూడో తరగతి పూర్తయ్యే పిల్లలందరికీ చదవడం, రాయడం, చిన్న లెక్కలు రావాలంటోంది. మూడో తరగతి పిల్ల నిమిషానికి కనీసం 60 మాటలు అర్థం చేసుకుంటూ చదవాలని అందులో ఒక కొలత ఉంది. ఈ కొలత విషయంలో మా టీచర్ల గదిలో వాదన తెగలేదు. తెలుగులో ఒక మాటకే నాలుగు ప్రత్యయాలు అతుక్కుని బారెడు అవుతుంది. చిన్న చిన్న మాటలున్న భాషతో సమానంగా గడియారం పెట్టి కొలవడం నాకు అంతగా నచ్చదు. పై అధికారులకి అంకె కావాలి కాబట్టి ఇస్తాం. మేం చూసుకునేది మాత్రం అర్థమైందా లేదా అన్నదే.

మా పిల్లలు ఎక్కువగా ఆగిపోయేది మూడు చోట్ల. గుణింతాల్లో ‘కొ’, ‘కో’ తేడా దగ్గర. ఒత్తుల దగ్గర, అందులోనూ వేరే హల్లు ఒత్తుగా వచ్చే ‘స్త’, ‘ర్మ’, ‘ష్ట’ లాంటివాటి దగ్గర. ఇక మూడోది, అక్షరాలన్నీ వచ్చినా వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోవడం. ఈ మూడింటికీ మందు ఒకటే కాదు. అందుకని రోజూ ఒక గంట తరగతుల గోడలు తీసేసి, పిల్లలు ఎక్కడ ఉన్నారో ఆ మెట్టు బట్టి గుంపులు చేస్తాం. నాలుగో తరగతి పిల్ల రెండో తరగతి పిల్లతో కలిసి ఒత్తులు నేర్చుకోవచ్చు. గుంపులకి చేపల పేర్లు పెట్టాం. వంజరం గుంపు, పండుగప్ప గుంపు, మాగ గుంపు. ఏది పైది, ఏది కిందది అన్నది పేరులో కనబడకూడదని అలా పెట్టాం. పిల్లలు వారంలోనే కనిపెట్టేశారనుకోండి. అయినా గుంపు మారడం తరచుగా జరుగుతుంది కాబట్టి ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

మార్కులు, ర్యాంకులు ఎందుకు చెప్పరు?

ప్రోగ్రెస్ కార్డు ఇస్తాం, చూపిస్తాం, సంతకం తీసుకుంటాం. ర్యాంకులు మాత్రం చెప్పం. పక్కింటి పిల్లకి ఎంత వచ్చిందని అడిగితే ఆ జవాబూ చెప్పం. మీ బిడ్డ జూన్‌లో ఎక్కడుంది, ఇప్పుడెక్కడుంది అని అడగండి, పుస్తకం తీసి మీ ముందే చదివిస్తాం. మార్కుల కంటే అది మీకు ఎక్కువ చెబుతుంది. చదవడం రాని తల్లికి కూడా బిడ్డ ఆగి ఆగి చదువుతోందో, జారుగా చదువుతోందో చెవితోనే తెలుస్తుంది.

లెక్కల్లో మా వాడు బొత్తిగా సున్నా అంటున్నారు. కానీ హార్బర్లో వాళ్లమ్మ పక్కన కూర్చుని చిల్లర తప్పు లేకుండా ఇస్తాడు. ఇదెలా?

వాడికి లెక్కలు వచ్చు. కాగితం మీద గుర్తులు రావు. నూటయాభై రూపాయల చేపలకి రెండొందల నోటిస్తే యాభై తిరిగివ్వాలని తెలిసిన పిల్లాడికి తీసివేత కొత్తగా నేర్పక్కర్లేదు. నోటిలెక్కని పలకమీదికి దించడం నేర్పాలి. అందుకే కాగితపు నోట్లు చేసి తరగతిలో సంత పెడుతున్నాం. బేరం ఆడిన ప్రతి లెక్కా పుస్తకంలో రాయాలి. మూడో తరగతి చివరికి 9,999 వరకు అంకెలు చదవడం, రాయడం, చిన్న గుణకారాలు చెయ్యడం లక్ష్యం.

దీనికి ఎదురు రకం పిల్లలూ ఉన్నారు. పుస్తకంలో కూడిక టకటకా చేస్తారు, మూడు పెన్నులు ఎంతని అడిగితే తెల్లమొహం వేస్తారు. వాళ్లకీ ఆ సంతే.

ప్రైవేటు బడి నుంచి తెస్తే కింది తరగతిలో వేస్తారా? బడి మానేసి రెండేళ్లయిన పిల్లని ఏ తరగతిలో వేస్తారు?

ఇద్దరినీ వయసుకి తగ్గ తరగతిలోనే వేస్తాం. వెనకబడిన పాఠాలకి ప్రత్యేక శిక్షణ ఇవ్వడం బడి బాధ్యత. పదేళ్ల పిల్లని ఆరేళ్ల పిల్లల మధ్య కూర్చోబెడితే మూడో రోజుకి కనబడదు.

కులం, మతం బట్టి తేడా చూపిస్తారా?

చూపించం. హాజరు పిలిచేటప్పుడు పేరు తప్ప ఇంకేమీ పిలవం. భోజనానికి వచ్చినవాళ్లు వచ్చిన వరసలో కూర్చుంటారు. తరగతి ఊడ్చే వంతు, గిన్నెలు సర్దే వంతు అందరికీ వస్తుంది. ఫలానా పిల్లలకే ఆ పని, ఫలానా పిల్లలకే మైకు పట్టుకునే పని అని పడిపోకుండా పట్టీ రాసి గోడకి పెట్టాం. ఇలాంటి తేడా ఎవరూ కావాలని మొదలుపెట్టరు. చూసుకోకపోతే తనంతట అది వచ్చేస్తుంది. మీకు ఎక్కడైనా కనబడితే మొహమాటపడకుండా చెప్పండి.

‘మా పాపని ఫలానా పిల్ల పక్కన కూర్చోబెట్టకండి’ అని అడిగే తల్లిదండ్రులకి మా జవాబు: కూర్చోబెడతాం. అల్లరి వల్లో, కంటిచూపు వల్లో అడిగితే మారుస్తాం.

బడిలో పండగలు చేస్తారా? ఏ మతం ప్రార్థన చేయిస్తారు?

ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధ ఉండకూడదన్నది రాజ్యాంగం 28వ అధికరణం. ఉదయం అసెంబ్లీలో వందేమాతరం, మా తెలుగు తల్లికి, ప్రతిజ్ఞ, జాతీయగీతం ఉంటాయి. సంక్రాంతి, రంజాన్, క్రిస్మస్ వచ్చినప్పుడు ఆ పండగ చేసుకునే పిల్లలు తమ ఇంట్లో ఏం వండుతారో, ఏం చేస్తారో చెప్తారు. మిగతావాళ్లు ప్రశ్నలడుగుతారు. ఎక్కువ ప్రశ్నలు తిండి గురించే. మన వన్‌టౌన్‌లో ఇది కొత్త కాదు. హార్బరు ముఖద్వారం దగ్గర పక్కపక్కనే రాస్ కొండ మీద చర్చి, దర్గా కొండ మీద దర్గా, ఇంకో కొండ మీద వెంకన్న గుడి ఉన్నాయి. పిల్లలకి ఆ మూడు కొండలూ చూపించే నడక ఏడాదికోసారి ఉంటుంది. ఎక్కలేని పిల్లలకి కింద నుంచే చెప్తాం.

మధ్యాహ్న భోజనం బాగుంటుందా?

తిని చూడండి. భోజనం వేళకి ఏ తల్లయినా వచ్చి రుచి చూడొచ్చు, ముందు చెప్పక్కర్లేదు. 2024 నుంచి ఈ పథకానికి కోనసీమ అన్నదాత డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. 2025 జూన్ నుంచి సన్నబియ్యం వస్తోంది. ప్రాథమిక తరగతుల పిల్లకి రోజుకి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు లెక్క. గుడ్డు, చిక్కీ, రాగిజావ మెనూ ప్రకారం ఉంటాయి. గుడ్డు తినని ఇంటి పిల్లలకి బలవంతంగా పెట్టం. తినే పిల్లల్ని చూసి మొహం చిట్లించడమూ ఒప్పుకోం.

చెయ్యవలసింది ఉంది. అన్నం పారెయ్యడం ఎక్కువగా ఉంది. కొంచెం వడ్డించుకుని మళ్లీ అడగమని చెబుతున్నాం. ఇంటి దగ్గర మీరూ చెప్పండి.

మాట వినకపోతే రెండు తగిలించండి మేడమ్, మేమేమీ అనుకోం.

ఇది ప్రశ్న కాదు గానీ అన్నిటికంటే ఎక్కువగా వినేది ఇదే, ముఖ్యంగా నాన్నల నుంచి. మీరు అనుకోకపోయినా చట్టం అనుకుంటుంది. కొట్టడమే కాదు, ‘మొద్దు’, ‘నీకు చదువెందుకు’ లాంటి మాటలతో మనసు గాయపరచడం కూడా విద్యాహక్కు చట్టం 17వ సెక్షను కింద నిషేధం. చట్టం లేకపోయినా మేం కొట్టం. దెబ్బకి భయపడిన పిల్ల తెలియనిది తెలియదని చెప్పడం మానేస్తుంది, అప్పుడు మాకు పని రెట్టింపు. మా టీచరెవరైనా చెయ్యి చేసుకుంటే నాకు చెప్పండి. నేను పట్టించుకోలేదనిపిస్తే పిల్లల సాయానికి 1098 ఫోన్ నంబరు ఉంది, బాలల హక్కుల కమిషన్ ఉంది.

మాకు చదువు రాదు. హోంవర్క్ ఎలా చేయించాలి?

చేయించక్కర్లేదు. మేం ఇచ్చే ఇంటిపని పిల్ల ఒక్కర్తే చేసుకోగలిగినంతే ఉండాలన్నది టీచర్లకి పెట్టుకున్న నియమం. మీరు చెయ్యగలిగింది ఒకటుంది. రాత్రి పది నిమిషాలు టీవీ ఆపి, పిల్ల చదువుతుంటే వినండి. మధ్యలో ‘తర్వాత ఏమైంది?’ అని అడగండి చాలు. తప్పులు మేం చూసుకుంటాం.

ట్యూషన్ పెట్టించాలా?

ఒకటి నుంచి ఐదు వరకు అక్కర్లేదు. మా టీచర్లు ప్రైవేటుగా ట్యూషన్ చెప్పకూడదు, అది కూడా చట్టంలోనే ఉంది. ఆ డబ్బుతో పాలు కొనండి.

పని కోసం ఊళ్లు తిరుగుతాం. హాజరు తగ్గితే పేరు తీసేస్తారా?

తీసెయ్యం. అయితే ఈ బడికి చదివించడం తర్వాత అంత బరువైన లక్ష్యం హాజరే, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

మా బడిలో పిల్లలు తగ్గే కాలాలు మాకు ముందే తెలుసు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. జూన్ 12 ప్రాంతంలో బడి తెరిచేసరికి జాలారి ఇళ్లలో చేతిలో డబ్బు ఆడదు. ఆ వెంటనే బోట్లు కదులుతాయి. తెల్లారకముందే అమ్మలు వేలంపాటకి హార్బరుకి వెళ్లిపోతారు. ఇంట్లో చంటివాణ్ని చూసుకోవడానికి పెద్దపిల్ల ఆగిపోతుంది. ఆ పిల్ల సాధారణంగా మూడో తరగతో నాలుగో తరగతో ఉంటుంది, ఆడపిల్లే ఉంటుంది. ఈ ఇళ్లకి మేం చెప్పేది: చంటివాణ్ని అంగన్‌వాడీలో దింపి బడికి రమ్మనండి, మొదటి పీరియడు పోయినా పర్వాలేదు. ఆలస్యంగా వచ్చిన పిల్లని గేటు బయట నిలబెట్టే అలవాటు మా దగ్గర లేదు.

సంక్రాంతికి ఊరెళ్లినవాళ్లు సెలవులు అయిపోయినా వారం పదిరోజులు అక్కడే ఉండిపోతారు. బిహార్ పిల్లలు ఛఠ్ పూజకి వెళ్తారు. వెళ్లొద్దని ఎవరంటారు? వెళ్లే ముందు మాత్రం చెప్పండి. ఒక కథల పుస్తకం ఇచ్చి పంపిస్తాం. తిరిగి వచ్చాక ఆ పుస్తకంలోంచి ఒక కథ అందరికీ చెప్పాలి.

పూర్తిగా వేరే ఊరు మారితే పిల్ల పర్మనెంట్ ఎడ్యుకేషన్ నంబరు రాసి తీసుకెళ్లండి. ఏ రాష్ట్రంలోనైనా కొత్త బడివాళ్లు ఆ నంబరుతో రికార్డు తమవైపు తీసుకోవచ్చు. ఇది తెలియక పిల్లలు కాగితాల్లో ఎక్కడా లేకుండా పోతున్నారు.

పిల్లల చదువు కోసం తల్లులకి ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బుకి కూడా 75 శాతం హాజరు షరతు ఉంది. ఏటా 15 వేలలో 2 వేలు బడి, మరుగుదొడ్ల నిర్వహణకి పోగా 13 వేలు తల్లి ఖాతాలో పడుతుంది. పడకపోతే కారణం వార్డు సచివాలయంలో తెలుస్తుంది, మా దగ్గర హాజరు వివరం తప్ప ఇంకేమీ ఉండదు.

మా బాబుకి వినికిడి తక్కువ, నడవలేడు, మాట ఆలస్యం. చేర్చుకుంటారా?

చేర్చుకుంటాం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తిస్తుంది. అక్షరాలు తారుమారుగా కనబడే అభ్యసన వైకల్యం కూడా అందులో ఉంది. చాలా ఇళ్లలో దాన్ని బద్ధకం అనుకుంటారు. ప్రభుత్వ సమగ్ర శిక్షా పథకం కింద ఇలాంటి పిల్లల కోసం భవిత కేంద్రాలు, ప్రత్యేక ఉపాధ్యాయులు ఉన్నారు. వైకల్య ధ్రువపత్రం కోసం ప్రభుత్వాసుపత్రి సదరం శిబిరానికి వెళ్లాలి. కాగితాలు నింపడంలో సాయం చేస్తాం. బడి ముందు ర్యాంపు ఉంది. మరుగుదొడ్డిలో పట్టుకునే కమ్మీ ఇంకా లేదు, ఈ ఏడాది పెట్టించాల్సిన పనుల్లో అది మొదటిది.

అప్పుడప్పుడు ‘అలాంటి పిల్ల ఉంటే మా వాడి చదువు పాడవుతుంది’ అనే మాట వినబడుతుంది. ఆ మాట తరగతి గది గడప దాటి లోపలికి రాదు.

పిల్లల ఆరోగ్యం?

ప్రభుత్వ బాలల ఆరోగ్య కార్యక్రమం ఆర్‌బీఎస్‌కే బృందం వచ్చి చూస్తుంది. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న నులిపురుగుల మాత్ర ఇస్తారు, ఆ రోజు తిని రానివ్వండి. బోర్డు కనబడని పిల్లలు చాలామంది ఉంటారు. కళ్లద్దాలు పెట్టించుకున్నాక చదువు బాగుపడ్డ పిల్లల్ని చూశాం. ‘ఆడపిల్లకి అద్దాలెందుకు’ అనకండి. మన వైపు గాలిలో నల్లదుమ్ము సంగతి మీకు తెలిసిందే. ఆయాసం ఉన్న పిల్లల మందు పేరు, వాడే విధానం మాకు రాసివ్వండి. ఎండాకాలంలో ఒంటిపూట బడి, మధ్యలో నీళ్లు తాగే గంట ఉంటాయి. సీసా ఇచ్చి పంపండి.

బడి కమిటీలో మేం ఉండొచ్చా? ఉంటే ఏం చెయ్యాలి?

ఉండాలి. పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. డబ్బు ఎలా ఖర్చయిందో చూడటం, భోజనం చూడటం, బడి అభివృద్ధి ప్రణాళిక రాయడం వాళ్ల పని. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా జరిగిన మొదటి మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ లాంటి రోజుల్లో గది నిండుతుంది. మామూలు నెలలో మీటింగంటే ఎప్పుడూ వచ్చే ఆ కొద్దిమందే వస్తారు. ఒడియా, హిందీ కుటుంబాల నుంచి ఇంకా ఎవరూ నోరు విప్పి మాట్లాడలేదు. భాష రాదని మొహమాటం ఉంటే మీ పిల్లే తర్జుమా చేస్తుంది. కూలి పోకుండా మీటింగు సాయంత్రం పెడుతున్నాం.

మరుగుదొడ్లు శుభ్రంగా ఉంటాయా?

ఉదయం ఉంటాయి. మధ్యాహ్నానికి నీళ్లు తగ్గిన రోజుల్లో ఉండవు. ట్యాంకు సరిపోవడం లేదని కమిటీ తీర్మానం రాసి పంపింది. ఆడపిల్లలు నీళ్లు తాగడం మానేసి కూర్చుంటున్నారని తెలిశాక దీన్ని లక్ష్యాల పట్టీలో పైకి జరిపాం.

వాన, తుపాను రోజుల్లో బడి ఉంటుందా?

సెలవు కలెక్టరు ప్రకటిస్తారు. వాట్సాప్‌లో వచ్చే పాత ఫొటోల సెలవు ఆర్డర్లు నమ్మకండి. 2014 అక్టోబరు 12 హుద్‌హుద్ చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు, అనుమానంగా ఉంటే ఇంట్లోనే ఉంచండి. ఆ రోజు హాజరు గురించి ఎవరూ అడగరు.

ఫిర్యాదు ఎవరికి చెయ్యాలి?

ముందు క్లాసు టీచరుకి, తర్వాత నాకు, తర్వాత కమిటీకి, ఆపైన మండల విద్యాశాఖాధికారికి. పిల్లని ఎవరైనా తప్పుగా తాకారన్న అనుమానం ఉంటే ఈ వరస ఏదీ పాటించకండి. నేరుగా 1098కో పోలీసులకో చెప్పండి.

ఐదో తరగతి తర్వాత ఎక్కడికి?

దగ్గరలోని మున్సిపల్ లేదా ప్రభుత్వ హైస్కూల్లో ఆరో తరగతికి పంపిస్తాం. మార్చిలోనే ఐదో తరగతి పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లి గదులు, మైదానం చూపిస్తాం. టీసీ, రికార్డు షీటు ఏప్రిల్లో ఇస్తాం. జూన్ నెలాఖరులోగా ఆ పిల్లలందరూ అక్కడ చేరారో లేదో ఒక్కొక్క పేరూ సరిచూసుకుంటాం. చేరని పిల్లల ఇంటికి వెళ్తాం, ముఖ్యంగా ఆడపిల్లలయితే. కాబట్టి ఆ నెలలో మీ ఇంటి తలుపు తట్టేది మేమే కావచ్చు. ఫోన్ నంబరు మారితే ముందే రాయించండి.